కోత మాది కాదు: పేరోల్‌లో ఒక టాక్స్ సీజన్

టాక్స్ సీజన్ అంటే చాలామందికి జూలై, రిటర్న్ వేసే నెల. పేరోల్‌లో పనిచేసేవాళ్లకు మాత్రం అది సంక్రాంతికి మొదలై జూన్ సగం దాటేదాకా నడుస్తుంది. నేను బెంగళూరులో, మహదేవపుర వైపు ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో జీతాల పని చూస్తాను. మాది మదనపల్లె. ఆఫీసులో తెలుగువాళ్లు ఎక్కువే, అందుకని నా పేరు ఎప్పుడో పోయి "అక్కా" స్థిరపడింది. మొదట్లో ముచ్చటగానే ఉండేది. పోనుపోను తెలిసిందేమిటంటే, జనవరిలో "అక్కా" అని మొదలైన మెసేజ్ ఏదైనా సరే "ఒక్క రెండ్రోజులు పోర్టల్ తెరిచి ఉంచరా" అనే దగ్గరే ఆగుతుంది.

ఇక్కడ రాస్తున్నది 2024-25 ఆర్థిక సంవత్సరం సంగతి. అదే ఎందుకంటే, ఆ ఒక్క ఏడాదిలోనే రెండు బడ్జెట్లు మా నెత్తిన పడ్డాయి.

పని తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. అప్పటి ఆదాయపన్ను చట్టం (1961) 192 సెక్షన్ ప్రకారం జీతం మీద టాక్స్ కోసి కట్టాల్సిన బాధ్యత కంపెనీది. ఏడాది మొత్తానికి జీతమెంత వస్తుందో అంచనా వేసి, దాని మీద టాక్స్ లెక్కగట్టి, నెలనెలా కొంత కోస్తాం. ఆ అంచనా కోసమే, ఈ ఏడాది ఏమేం మినహాయింపులు చూపిస్తారో రాసివ్వమని, ఏప్రిల్‌లో అందరినీ డిక్లరేషన్ అడుగుతాం. ఏప్రిల్‌లో మనుషులు మహా ఉదారంగా ఉంటారు. 80సి అనే పొదుపు సెక్షన్ కింద లక్షన్నర, ఎన్‌పీఎస్ పెన్షన్ పథకంలో 50,000, అమ్మానాన్నల హెల్త్ ఇన్సూరెన్స్ ఇంకో 50,000, అన్నీ నింపేస్తారు. ఆ మాట నమ్మి మేం తక్కువ కోస్తాం. జనవరిలో రసీదులు అడిగితే సగం మంది దగ్గర ఉండవు. తొమ్మిది నెలల పాటు కోయకుండా వదిలేసిన టాక్సంతా చివరి మూడు జీతాల్లోంచి లాగాలి. అదీ మాకు శాపనార్థాలు మొదలయ్యే చోటు.

ఈ రసీదులు, మా భాషలో ప్రూఫులు, ఎక్కించే పోర్టల్ సరిగ్గా పండగ ముందు తెరుచుకుంటుంది. ఆ ఏడాది భోగి జనవరి 13, సోమవారం. శుక్రవారం సాయంత్రానికే మడివాళ, మారతహళ్లి దగ్గర బస్సులెక్కి అందరూ ఊళ్లకు పోయారు. మంచిదే, నేనూ పోయాను. కానీ ప్రూఫులు ఊళ్ల నుంచి ఫోన్ ఫోటోలుగా రావడం మొదలైంది. ఒక ఎల్‌ఐసీ రసీదు ఫోటో ఇప్పటికీ గుర్తుంది. గచ్చు మీద పెట్టి తీశారు, పక్కన ముగ్గు అంచు కనబడుతోంది, కాగితం ఎగిరిపోకుండా బొటనవేలు అదిమారు. ఆ బొటనవేలు కింద ఉన్నది పాలసీ నంబరు. తిప్పి పంపితే మళ్లీ తీశారు, ఈసారి నంబరు కనిపిస్తోంది, ప్రీమియం కట్టిన తేదీ లేదు. పైగా పాలసీ వాళ్ల నాన్నగారి పేరు మీద. 80సిలో అమ్మానాన్నల జీవిత బీమా చెల్లదు. మనది, భార్యాభర్తలది, పిల్లలది మాత్రమే చెల్లుతుంది. అదే హెల్త్ ఇన్సూరెన్స్ అయితే 80డిలో అమ్మానాన్నలదీ చెల్లుతుంది. ఈ తేడా ఎందుకని నన్నడిగితే నేనేం చెప్పను? చట్టం నేను రాయలేదు.

స్కూలు ఫీజుల దగ్గరా ఇదే గొడవ. రసీదు మీద లక్షా ఎనభై వేలు ఉంటుంది, అందులో ట్యూషన్ ఫీజు అని విడిగా రాసిందే లెక్కలోకి వస్తుంది. బస్సు, బిల్డింగ్ ఫండ్, యూనిఫాం రావు. ఎల్‌టీఏకైతే, అంటే సెలవు ప్రయాణ భత్యానికి, బ్యాంకాక్ టికెట్లు పెడతారు, దేశంలో తిరిగిన ప్రయాణ ఖర్చుకే అది. అరకు వెళ్లొచ్చి రిసార్టు బిల్లు పెడితే అదీ కుదరదు. ఒకరు తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్టు విరాళం కింద పెట్టారు. ఆయన్ని ఏమీ అనలేదు, నవ్వొచ్చింది కాబట్టి ఆ రోజు కాస్త బాగా గడిచింది.

అసలు యుద్ధం అద్దె రసీదులతో. అవి చూపిస్తేనే హెచ్‌ఆర్‌ఏకు, అంటే ఇంటి అద్దె భత్యానికి, టాక్స్ మినహాయింపు.

ఏడాదికి అద్దె లక్ష దాటితే ఇంటి ఓనర్ పాన్ నంబరు ఇవ్వాలి. నెలకు 8,333 అయితే ఏడాదికి 99,996. ప్రపంచంలో ఏ ఓనరూ 8,333 రూపాయల అద్దె అడగడు, మా పోర్టల్‌లో మాత్రం వీధికో ఇల్లు దొరుకుతుంది. బెల్లందూరులో డబుల్ బెడ్రూం ఫ్లాటుకు కూడా అదే అద్దె. పన్నెండు రసీదులూ ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ఏప్రిల్ సంతకానికీ మార్చి సంతకానికీ వెంట్రుకవాసి తేడా ఉండదు. మార్చి రసీదు జనవరిలోనే ఎలా వచ్చిందని అడిగితే "అడ్వాన్స్ ఇచ్చేశానక్కా" అంటారు.

పాన్ ఇచ్చేవాళ్లలోనూ కొందరు ఘనులుంటారు. పాన్‌లో నాలుగో అక్షరం చూస్తే అది ఎవరిదో తెలిసిపోతుంది. మనిషిదైతే పి, కంపెనీదైతే సి. ఒకబ్బాయి ఇచ్చిన ఓనర్ పాన్‌లో నాలుగో అక్షరం సి. రసీదు మీద ఓనరేమో ఒక పెద్దావిడ. అడిగితే, "ఆంటీకి కంపెనీ ఉందేమో అక్కా" అన్నాడు. ఏదో బిల్లు మీద కనబడిన పాన్ ఎక్కించాడని ఇద్దరికీ తెలుసు. ఒక్క నిమిషం ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత తనే "తీసేయండక్కా" అన్నాడు.

ఇంకొకాయన గుంటూరులో వాళ్ల నాన్నగారికి అద్దె కడుతున్నట్టు పెట్టారు. తండ్రి పేరు మీద ఇల్లుండి, అందులో మనం ఉంటూ, నిజంగా బ్యాంకులో అద్దె వేస్తే అది తప్పేమీ కాదు, తండ్రి దాన్ని తన ఆదాయంలో చూపించాలి అంతే. కానీ ఈయన బ్యాడ్జి మా ఆఫీసు గేటు దగ్గర వారానికి నాలుగు రోజులు మోగుతోంది. "శని, ఆదివారాలు అక్కడే కదండీ" అన్నారు. శని, ఆదివారాలకు హెచ్‌ఆర్‌ఏ ఇచ్చే సెక్షన్ ఇంకా రాలేదని చెప్పాను.

ఇవన్నీ చదివి జనమంతా దొంగ లెక్కలే పెడతారనుకుంటే అన్యాయం. నాకు నిజంగా బాధ కలిగించేది రెండో రకం. అద్దె నిజంగా కడతారు, నెలకు 28,000, 30,000. ఓనర్ పాన్ ఇవ్వడు. గట్టిగా అడిగితే ఖాళీ చేయమంటాడు. ఖాళీ చేస్తే రంగులకని, రిపేర్లకని డిపాజిట్లో ఎంత కోస్తాడో తెలియదు. ఒకమ్మాయి, కొత్తగా పెళ్లయి వచ్చింది, బ్యాంకు స్టేట్‌మెంటులో నెలనెలా అద్దె వెళ్లిన వరసలన్నీ పసుపు రంగు గీసి మరీ పంపింది. ఆమె చెప్పేది నిజమని ఆ కాగితమే చెబుతోంది. అయినా పాన్ గడి ఖాళీగా ఉంటే సిస్టం ముందుకు పోదు, ఆడిట్లోనూ ఒప్పుకోరు. టాక్స్ తక్కువ కోస్తే దానికి జవాబుదారీ కంపెనీయే, వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది. ఆమెకు రిజెక్ట్ పెట్టాను. దొంగ రసీదు 8,333 దాకా దర్జాగా పాసవుతుంది, నిజం అద్దె 28,000 ఆగిపోతుంది. ఈ రూలు ఎవరిని పట్టుకోవడానికి పెట్టారో ఆ రోజు నాకు అర్థం కాలేదు, ఇప్పటికీ కాలేదు.

చెన్నై బ్రాంచి నుంచి బదిలీ మీద వచ్చిన నెల్లూరాయన కథ వేరు. బేసిక్ 50,000, హెచ్‌ఆర్‌ఏ 25,000, అద్దె 28,000. మూడు లెక్కలు వేసి ఏది తక్కువైతే అంత మినహాయింపు: వచ్చే హెచ్‌ఆర్‌ఏ 25,000, అద్దెలోంచి బేసిక్‌లో పది శాతం తీసేస్తే 23,000, మూడోది ఊరిని బట్టి. అప్పటి రూలు ప్రకారం ముంబై, కోల్‌కతా, ఢిల్లీ, చెన్నై అయితే బేసిక్‌లో సగం, మిగతా ఏ ఊరైనా 40 శాతం. చెన్నైలో ఆయనకు 23,000 వచ్చేది. బెంగళూరులో 20,000 దగ్గర ఆగింది. ఏడాదికి 36,000 తేడా, ఆయనున్న 20 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి 7,488 రూపాయలు ఎక్కువ టాక్స్. "సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో గంట నిలబెట్టండి ఆ రూలు రాసినాయన్ని, ఇది పెద్ద ఊరో కాదో చెబుతాడు" అన్నారు. నా దగ్గర దానికి సమాధానం లేదు. నేనూ ఇక్కడే అద్దెకుంటున్నాను.

ఇవన్నీ ఓల్డ్ రెజీమ్, అంటే మినహాయింపులన్నీ ఉండే పాత టాక్స్ పద్ధతి గొడవలు. 2023-24 నుంచి న్యూ రెజీమ్ డిఫాల్ట్ అయింది. అంటే ఏప్రిల్‌లో నోరు విప్పి "నాకు పాతదే కావాలి" అని చెప్పకపోతే కొత్తదాంట్లో పడిపోతారు. అక్కడ 80సి లేదు, హెచ్‌ఆర్‌ఏ లేదు, రసీదులు అక్కర్లేదు. మా టీమ్‌లో మేం సంబరపడ్డాం, ప్రూఫుల పని సగానికి సగం తగ్గుతుందని. తగ్గింది కూడా. దాని బదులు ఏమొచ్చిందంటే ఇది.

మా కంపెనీలో బాగా సీనియర్ ఒకాయన, రిటైర్మెంటుకు దగ్గరలో ఉన్నారు. ఏటా అందరికంటే ముందు ప్రూఫులు ఇచ్చే మనిషి. పోర్టల్‌లో ఎక్కించడమే కాక జిరాక్సులు ఫైలులో పెట్టి, ఒక్కో విభాగానికి రంగు చీటీ అంటించి నా టేబుల్ మీద పెడతారు. పీపీఎఫ్ పాస్‌బుక్కు, హౌసింగ్ లోన్ సర్టిఫికెట్టు, వాళ్లమ్మగారి ఇన్సూరెన్సు, అన్నీ పక్కా. ఆ జనవరిలోనూ ఫైలు వచ్చింది. సిస్టంలో చూస్తే ఆయన న్యూ రెజీమ్‌లో ఉన్నారు. ఏప్రిల్‌లో వచ్చిన మెయిల్ తెరవలేదు.

"నేను కొత్తది ఎప్పుడు ఎంచుకున్నానమ్మా?"

"ఎంచుకోలేదు సార్. ఏదీ ఎంచుకోకపోతే కొత్తదే అవుతుంది."

"మరి మార్చు."

మా దగ్గర ఏప్రిల్ తర్వాత రెజీమ్ మారదు. మధ్యలో మార్చుకోనిస్తే ప్రతి నెలా లెక్క తలకిందులవుతుంది. రిటర్న్ వేసేటప్పుడు గడువులోగా పాతదానికి వెళ్లొచ్చు, ఎక్కువ కోసింది రిఫండ్ వస్తుంది అని చెప్పాను. ఆయన ఫైలు మూసి, "నా డబ్బు నేను అర్జీ పెట్టుకుని తెచ్చుకోవాలన్నమాట" అన్నారు. గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. అరిచేవాళ్లతో నాకు అలవాటే.

ఆ నెల అయిపోగానే ఫిబ్రవరి 1, శనివారం, బడ్జెట్. న్యూ రెజీమ్‌లో పన్నెండు లక్షల దాకా టాక్స్ లేదు అన్న వార్త. ఉద్యోగులకైతే స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఏ రసీదూ లేకుండానే జీతంలోంచి తీసేసే 75,000, కలుపుకుని పన్నెండు లక్షల డెబ్బై ఐదు వేలు. నేను ఇంట్లో టీవీ ముందే ఉన్నాను, ఫోన్ మోగడం అప్పుడే మొదలైంది. సోమవారం ఆఫీసుకు వెళ్లేసరికి మెయిల్ బాక్సంతా ఒకటే ప్రశ్న: ఫిబ్రవరి నుంచి నాకు టాక్స్ కోయరు కదా? కోస్తాం. అది 2025 ఏప్రిల్ నుంచి వచ్చే జీతానికి. ఈ మాట ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగా రాశాను. ఒకబ్బాయి మాత్రం నన్ను నిలదీశాడు. "పోయిన జూలై బడ్జెట్లో శ్లాబులు మారిస్తే అదే ఏడాది ఏప్రిల్ నుంచి వర్తించింది కదక్కా? మీరే మధ్యలో మళ్లీ లెక్క వేసి టాక్స్ తగ్గించారు. ఇప్పుడెందుకు కాదు?"

మాట నిజం. 2024లో ఎన్నికలొచ్చాయి, పూర్తి బడ్జెట్ జూలై 23న పెట్టారు, న్యూ రెజీమ్ శ్లాబులు మార్చి, స్టాండర్డ్ డిడక్షన్ 50,000 నుంచి 75,000 చేశారు, అది ఆ ఏడాది మొదటి నుంచీ వర్తించింది. ఆగస్టులో మేం అందరికీ తిరగ్గొట్టి లెక్క వేశాం. ఆ అబ్బాయి అడిగింది తెలివైన ప్రశ్న. రోజంతా వచ్చిన వాటిలో దానికొక్కదానికే ఓపిగ్గా, ఇష్టంగా జవాబు రాశాను: జూలైది నడుస్తున్న ఏడాది బడ్జెట్, ఫిబ్రవరిది రాబోయే ఏడాది బడ్జెట్ అని.

ఫిబ్రవరి జీతం పడ్డాక వచ్చే ఫోన్లలో ఏడుపు గొంతులు ఎక్కువగా ఉద్యోగం మారినవాళ్లవి. ఒంగోలు అబ్బాయి ఒకడు, అక్టోబరులో చేరాడు. పాత కంపెనీలో ఆరు నెలలకు ఐదు లక్షలు, మా దగ్గర ఆరు నెలలకు ఆరు లక్షలు. పాత కంపెనీ జీతం వివరాలు ఫారం 12బిలో ఇవ్వమని చేరిన రోజే చెప్పాం. ఇవ్వలేదు. మా సిస్టానికి తెలిసింది ఆరు లక్షలే, డిడక్షన్ పోను 5,25,000, ఏడు లక్షల లోపు కాబట్టి రిబేటు, టాక్స్ సున్నా. నాలుగు నెలలు పూర్తి జీతం అందుకున్నాడు. ఫిబ్రవరిలో ఎవరో భయపెడితే వివరాలు తెచ్చిచ్చాడు. రెండూ కలిపితే పదకొండు లక్షలు, 75,000 పోను 10,25,000, దాని మీద సెస్సుతో 55,900. పాత కంపెనీ కోసింది 22,100. మిగిలిన 33,800 రెండు జీతాల్లో రావాలి, నెలకు 16,900.

"అక్కా, చిట్టీ కట్టాలి, చెల్లి ఫీజుంది. కొంచెం కొంచెంగా వచ్చే ఏడాది కోసుకోండి."

ఆర్థిక సంవత్సరం మార్చితో అయిపోతుంది, వాయిదాలు మా చేతిలో లేవు. లెక్కంతా కాగితం మీద రాసి చూపిస్తే వింటూనే ఉన్నాడు. చివరికి, "అంటే పాత కంపెనీవాళ్లు తక్కువ కోశారా, మీరు ఎక్కువ కోస్తున్నారా?" అన్నాడు. ఇద్దరమూ చట్టప్రకారమే కోశాం, ఒకరి సంగతి ఇంకొకరికి తెలియదు అంతే. ఇది అర్థమయ్యేలా చెప్పడానికి నాకు రెండు టీలు పట్టాయి. టీ డబ్బులు వాణ్ణి ఇవ్వనివ్వలేదు.

జనం కోపం ఎంతైనా భరించొచ్చు. నాకు చిరాకు పుట్టించేది ఒక అపోహ, మేం కోసింది ఎక్కడో కంపెనీ దగ్గరే ఉంటుందని. ఒక మేనేజర్ గారు మీటింగులోనే, "పేరోల్ వాళ్లు ఈసారి బాగానే మిగుల్చుకున్నారు" అని జోకేశారు, అందరూ నవ్వారు. ఈ నెల కోసింది వచ్చే నెల 7వ తేదీకల్లా ప్రభుత్వ ఖాతాలో పడాలి, ఒక్క మార్చి నెలదానికే ఏప్రిల్ 30 దాకా గడువు. ఆలస్యమైతే నెలకు ఒకటిన్నర శాతం వడ్డీ. మా చేతిలో అది నిలిచేది ఆ కొద్ది రోజులే, అదీ కంప్యూటర్‌లో అంకెలుగా.

అన్నిటికంటే నిస్సహాయంగా అనిపించింది హౌసింగ్ లోన్ వాళ్లతో. బెంగళూరులో ఉద్యోగం, హైదరాబాద్‌లో తెల్లాపూర్ వైపో కోకాపేట వైపో ఫ్లాటు బుక్ చేసి ఉంటారు. బిల్డర్ దాన్ని ఇంకా కడుతూనే ఉంటాడు. ఈఎంఐ మొదలైపోయింది, ఇక్కడ అద్దె కడుతున్నారు, టాక్స్ మినహాయింపు మాత్రం ఇల్లు పూర్తయితే గానీ రాదు. అప్పటిదాకా కట్టిన వడ్డీని ఇల్లు పూర్తయిన ఏడాది నుంచి ఐదు సమాన వాయిదాల్లో చూపించుకోవాలి, అదీ ఏడాదికి రెండు లక్షల పరిమితి లోపలే. బిల్డర్ ఆలస్యం చేస్తే ఆ పాపం కొనుక్కున్నవాడిది. వీళ్లు అరిస్తే నేను ఎదురు చెప్పను.

మార్చి 30 ఉగాది, ఆదివారం. 31 రంజాన్. మార్చి జీతాలు అంతకు ముందే పడాలి కాబట్టి ఆ వారమంతా రాత్రి భోజనం ఆఫీసు దగ్గర ఆంధ్రా మెస్సులోనే. ఉగాది పచ్చడి మా పక్కింటి కన్నడవాళ్లు పెట్టిన బేవు బెల్లతో సరిపెట్టుకున్నాను. ఆ తర్వాత ఏప్రిల్, మే అంతా 24క్యూ రిటర్న్, అంటే కోసిన టాక్స్ లెక్క ప్రభుత్వానికి అప్పజెప్పే పని. మే 31 గడువు, దాటితే రోజుకు 200 ఫీజు. పాన్‌లో అక్షరం "ఓ" వేయాల్సిన చోట సున్నా వేసినవాళ్లను వెతికి పట్టుకోవడమే అందులో సగం పని. జూన్ 15కల్లా ఫారం 16, అంటే ఎవరి జీతంలో ఎంత టాక్స్ కోశామో చెప్పే సర్టిఫికెట్టు, చేతికివ్వాలి. ఆదాయపన్ను శాఖ ట్రేసెస్ సైటు నుంచి అందులోని పార్ట్ ఎ, పార్ట్ బి రెండూ దించి, జతచేసి, అందరికీ మెయిల్ చేశాం.

సీనియర్ సార్‌కు మాత్రం మెయిల్‌తో పాటు ప్రింటు తీసి, ఆయన రంగు చీటీల ఫైలు తిరిగిస్తూ ఇచ్చాను. రిటర్న్‌లో ఓల్డ్ రెజీమ్ ఎక్కడ ఎంచుకోవాలో పక్కన కూర్చుని చూపించాను. అది నా పని కాదు, మా మేనేజర్ చూస్తే ఒప్పుకోరు కూడా. రిఫండ్ ఆగస్టులో వచ్చిందని ఆయనే వచ్చి చెప్పారు, వడ్డీ కూడా కలిపి వేశారట.

ఆ ఏడాది రిటర్న్ గడువు జూలై 31 నుంచి సెప్టెంబరు 15కి జరిపారు. అందరూ హమ్మయ్య అనుకున్నారు. మాకు మాత్రం "ఫారం 16 ఫైలు తెరుచుకోవట్లేదు, పాస్‌వర్డ్ ఏంటి అక్కా" అనే మెయిళ్లు ఇంకో నెలన్నర వచ్చాయి. పాస్‌వర్డ్ మేం పంపిన మెయిల్‌లో మొదటి లైనులోనే ఉంది.